దమ్మపేట తోటల్లో తెల్లదోమ

దమ్మపేట, అశ్వారావుపేట మండలాల్లో ఇప్పుడు ఎటు చూసినా పామాయిల్ తోటలే. గట్ల మీద కొబ్బరి, తోటల నీడన కోకో. నలభై ఏళ్ల కిందట ఇక్కడ పామాయిల్ ఊసే లేదు. 1986లో కేంద్రం నూనెగింజల మిషన్ పెట్టింది. 1993లో ఉమ్మడి రాష్ట్రం ఆయిల్‌పామ్‌కు ప్రత్యేక చట్టం చేసింది. ఆ దశాబ్దంలో వేళ్లూనుకున్న పంటకు నేడు దమ్మపేట మండలంలోని అప్పారావుపేటలోనే గెలలు ఆడించే ఫ్యాక్టరీ ఉంది.

ఈ చెట్టు పుట్టిల్లు పశ్చిమ ఆఫ్రికా. దానికి పరాగసంపర్కం చేసే ముక్కు పురుగుదీ అదే నేల. ఆ పురుగును 1981లో మలేషియాలో వదిలారు, 1985లో కేరళకు తెచ్చారు. మనం కోరి తెచ్చుకున్న పురుగు అది. పిలవకుండా వచ్చింది మరొకటి ఉంది: సర్పిలాకార తెల్లదోమ.

మధ్య అమెరికాలోని బెలీజ్‌లో దొరికిన ఈ పురుగుకు శాస్త్రవేత్తలు పేరు పెట్టింది 2004లో. 2009కి ఫ్లోరిడా చేరింది. 2016లో పొల్లాచ్చి కొబ్బరి తోటల్లో కనిపించింది. ఆ ఏడాది చివరికే గోదావరి గట్టున కడియం నర్సరీల్లో తేలింది. నారు మొక్క ఎక్కడికి పోతే పురుగూ అక్కడికి పోతుంది. రాష్ట్ర సరిహద్దు దాటి దమ్మపేట వైపు రావడానికి దానికి పెద్ద అడ్డేమీ లేకపోయింది.

కొబ్బరి ఆకును వెనక్కి తిప్పి చూస్తే సంగతి తెలుస్తుంది. చుట్లు చుట్టినట్టు మైనపు గీతలు, వాటిలో గుడ్లు. పిల్ల పురుగు కొద్ది దూరం పాకి, ఒకచోట అతుక్కుని రసం పీలుస్తుంది. అది విసర్జించే తేనెలాంటి జిగురు కింది ఆకుల మీద, కోకో మీద పడుతుంది. దానిపై నల్లటి మసి పేరుకుంటుంది. ఎండ తగలని ఆకు ఇక చెట్టుకు తిండి వండలేదు.

గుడ్డు నుంచి రెక్కల పురుగు కావడానికి పట్టే కాలం అన్నిచోట్లా ఒకటి కాదు. వేడి పెరిగే కొద్దీ ఎదుగుదల వేగం అందుకుంటుంది, ఒక హద్దు దాటితే అదే వేడి చంపేస్తుంది. తిండి మొక్క కూడా లెక్కే: కొబ్బరి, అరటి, జామ, పామాయిల్ ఇలా వందకు పైగా మొక్కల మీద బతికినా, అన్నిటి మీదా ఒకేలా పెరగదు. ఈ ప్రాంతంలో ఎండలు 40 డిగ్రీలు దాటుతాయి. కానీ తడి పారే, కొమ్మలు కమ్ముకున్న తోట లోపల అంత వేడి ఉండదు. పైగా పామాయిల్, కొబ్బరి ఏడాది పొడవునా పచ్చగానే ఉంటాయి. కోత అయ్యాక నేల ఖాళీ అయ్యే పొలంలో పురుగుకు తిండి తెగే రోజులుంటాయి. ఇక్కడ ఆ విరామమే లేదు. జోరు వానలు మాత్రం దాన్ని కడిగేస్తాయి. పొడి నెలల్లో మళ్లీ పుంజుకుంటుంది.

మందు కొట్టి దీన్ని వదిలించుకోవాలనుకోవడం పొరపాటు. ఎన్‌కార్సియా అనే చిన్న కందిరీగ తెల్లదోమ పిల్లల్లోనే గుడ్లు పెడుతుంది. ఆ గుడ్ల నుంచి వచ్చే పురుగులు వాటిని లోపలి నుంచి తినేస్తాయి. పురుగుమందు ముందు చంపేది ఆ మిత్రుణ్ణే. అందుకే శాస్త్రవేత్తలు ఇసారియా అనే శిలీంధ్రాన్ని, అంబాజీపేట ఉద్యాన పరిశోధన కేంద్రం పెంచుతున్న మిత్రపురుగులను సూచిస్తున్నారు.

దమ్మపేట రైతులు డ్రమ్ములో మందు కలిపే ముందు ఒక్క పని చేయాలి. భూతద్దంతో ఆకు వెనక చూడాలి. ఖాళీ పొట్టు మీద గుండ్రటి రంధ్రం ఉంటే కందిరీగ బయటికొచ్చిందని, టీ అక్షరంలా చీలిక ఉంటే తెల్లదోమ ఎగిరిపోయిందని గుర్తు. గుండ్రటి రంధ్రాలు ఎక్కువగా కనిపించిన తోటలో మందు కొట్టకండి.