గడ్డి పీకిన ఆర్కిటెక్టులు

నార్త్ కరొలైనాలో మా కేరీ నుంచి గంటకు పైగా కారులో పోతే పైన్‌హర్స్ట్ వస్తుంది. ఇక్కడి మనవాళ్లు వారాంతాల్లో క్రికెట్ బ్యాట్లు పట్టుకుంటే నాకేమో గోల్ఫ్ పిచ్చి పట్టింది. ఆట అంతంతమాత్రమే గాని, అక్కడి నంబర్ టూ కోర్సు కథ మాత్రం ఎన్నిసార్లు తవ్వినా తనివి తీరదు.

స్కాట్లాండ్‌లోని డోర్నాక్ నుంచి వచ్చిన డొనాల్డ్ రాస్ దాన్ని 1907లో తయారుచేశాడు. 1948లో పోయేదాకా దిద్దుతూనే ఉన్నాడు. మొదట్లో గ్రీన్లు, అంటే రంధ్రం చుట్టూ ఉండే నున్నని నేల, కూడా ఇసుకవే, 1930ల నడుమ గాని వాటికి గడ్డి రాలేదు. బంతి కొట్టుకుంటూ పోయే దారిని ఫెయిర్‌వే అంటారు. అది దాటితే ఇసుక, పైన్ ఆకులు, వైర్‌గ్రాస్ దుబ్బులు. అందులో పడ్డ బంతి చక్కగా దొరుకుతుందో, దుబ్బు మొదట్లో ఇరుక్కుంటుందో పోయి చూస్తేగాని తెలియదు.

రాస్ పోయాక తరానికో సోకు వచ్చింది. అంతా పచ్చగా ఉండాలని, పెద్ద పోటీలకు కఠినంగా ఉండాలని ఇసుక మీదికి బెర్ముడా గడ్డి పాకించారు, ఫెయిర్‌వేలు ఇరుకు చేశారు.

2010లో ఆ గడ్డి వదిలించే పని గోల్ఫ్ కోర్సుల ఆర్కిటెక్టులు బిల్ కూర్, బెన్ క్రెన్‌షా చేతికొచ్చింది. కూర్ ఈ రాష్ట్రంవాడే, చిన్నప్పుడు ఇక్కడ ఆడినవాడు. క్రెన్‌షా రెండుసార్లు మాస్టర్స్ టోర్నీ గెలిచినవాడు. వాళ్లకు 1943లో విమానం నుంచి తీసిన ఫొటోలు ఆధారమయ్యాయి. అంతకంటే గట్టి సాక్షి భూమిలోనే ఉంది. ఫెయిర్‌వే నడుమ ఒకే వరసలో వేసిన పాత నీటి పైపు అది. పైన గడ్డి అంచులు ఎటు జరిగినా పైపు చోటు మారలేదు. దాని వెంటే పోతే రాస్ నాటి నడిమి గీత దొరికింది. దానిమీది స్ప్రింక్లర్ నీళ్లు చిమ్మినంత మేర ఫెయిర్‌వే, నీళ్లందని చోట గడ్డి పలచబడి ఇసుకలో కలుస్తుంది.

35 ఎకరాలకు పైగా గడ్డి లేపేశారు. సుమారు 1,150 స్ప్రింక్లర్లు 450కి దిగాయి. వైర్‌గ్రాస్ మొక్కలు లక్షకు పైగా నాటారు. గ్రీన్ల జోలికి దాదాపు పోలేదు. పాత గుడిలో సున్నం గీకితే శిల్పం బయటపడ్డట్టు కోర్సు బయటపడింది. తమ ముద్ర వేసే అవకాశం చేతిలో ఉండి కూడా వేయకపోవడమే ఈ వృత్తిలో అసలు కష్టమని నా అభిప్రాయం.

2014లో యూఎస్ ఓపెన్ పురుషులకు, మహిళలకు వరస వారాల్లో అక్కడే జరిగింది. మైదానం ఎండిపోయినట్టుందని టీవీ చూసినవాళ్లు సణిగారు. పొడుగు గడ్డి లేకపోతే ఆట మరీ తేలికవుతుందన్న అనుమానం ముందునుంచీ ఉండేది. తీరా మగవాళ్లలో పార్ (కోర్సుకు నిర్ణయించిన దెబ్బల లెక్క) కంటే తక్కువ స్కోరుతో ముగించింది ముగ్గురే, ఆడవాళ్లలో విజేత మిషెల్ వీ ఒక్కతే.