క్యాడ్ నుంచి క్యామ్‌కు ఏ ఫైలు పంపాలి?

క్యాడ్‌లో గీసిన భాగాన్ని మెషీనింగ్ సాఫ్ట్‌వేర్‌కు ఏ ఫైలులో పంపాలని అడిగితే చాలా వర్క్‌షాపుల్లో వచ్చే జవాబు ‘ఏది తెరుచుకుంటే అది’. ఫైలు తెరుచుకోవడం వేరు, అందులోని భాగం చెక్కుచెదరకుండా రావడం వేరు. ఏ ఫార్మాట్ అయినా ఎవరో తమ అవసరానికి, ఆనాటి కంప్యూటర్ మోయగలిగిన మేరకు తయారు చేసుకున్నదే. కాబట్టి అది దేన్ని మోస్తుంది, దేన్ని దారిలో వదిలేస్తుంది అన్నది చూసి ఎంచుకోవాలి.

మొదట్లో ఈ గొడవే లేదు. 1950ల చివర ఎంఐటీలో డగ్లస్ రాస్ బృందం తెచ్చిన ఏపీటీ భాషలో, ప్రోగ్రామర్ డ్రాయింగు చూసి బిందువులు, గీతలు, వృత్తాలు తనే రాసేవాడు. డ్రాయింగుకీ యంత్రానికీ మధ్య ఉన్నది మనిషి బుర్రే. తలో కంపెనీ తలో క్యాడ్ వ్యవస్థ కొన్నాక ఒకదాని బొమ్మ మరొకదానికి అర్థం కాకుండా పోయింది. బోయింగ్, జనరల్ ఎలక్ట్రిక్ వంటి కంపెనీలతో కలిసి అమెరికా ప్రమాణాల సంస్థ 1979లో తలపెట్టి, 1980లో ప్రచురించిన ఐజెస్ ఆ చిక్కుకు విరుగుడుగా వచ్చింది. నేటికీ ఐజెస్ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే వరుసకు 80 గడులు, 73వ గడిలో అది ఏ విభాగమో చెప్పే అక్షరం కనిపిస్తాయి. అది పంచ్ కార్డుల నాటి కొలత. డ్రాయింగు గీతలతో మొదలైన ఐజెస్‌లోకి ఘనరూపం చాలా ఆలస్యంగా వచ్చింది. అందుకే ఐజెస్‌లో వచ్చే భాగం చాలాసార్లు విడివిడి ఉపరితలాల మూటే. పక్కపక్క ముఖాలు ఒకే అంచును పంచుకుంటున్నాయన్న సంగతి అందులో ఉండదు. తెర మీద నిండుగా కనిపించినా, అంచు దగ్గర వెంట్రుకవాసి సందుంటే క్యామ్ దాన్ని ఘనవస్తువుగా ఒప్పుకోదు. ఇక ప్రోగ్రామర్ ఆ ముఖాలకు కుట్లు వేస్తూ కూర్చోవాల్సిందే.

1987లో వచ్చిన ఎస్‌టీఎల్ దారి వేరు. త్రీడీ సిస్టమ్స్ వారి స్టీరియోలిథోగ్రఫీ యంత్రం కోసం పుట్టిన ఈ ఫార్మాట్‌కు తెలిసినవి త్రిభుజాలు మాత్రమే. మిల్లీమీటరా, అంగుళమా అన్నది కూడా అందులో ఉండదు. ‘చివరికి యంత్రమూ చిన్న చిన్న సరళరేఖల్లోనే కదులుతుంది కదా, త్రిభుజాలైతే తప్పేమిటి?’ అనే వాదం ఒకటుంది. అచ్చుల త్రీడీ ఉపరితలాల విషయంలో అందులో కొంత నిజముంది. కానీ 50 మిల్లీమీటర్ల బేరింగ్ రంధ్రాన్ని 36 ముక్కలుగా విరిచి ఎస్‌టీఎల్ చేస్తే, ఒక్కో ముక్క మధ్యలో అసలు వృత్తానికీ దానికీ తేడా సుమారు 0.095 మిల్లీమీటర్లు. హెచ్7 ఫిట్‌కు ఆ సైజులో ఇచ్చే టాలరెన్స్ మొత్తం 0.025 మాత్రమే. ముక్కలు పెంచితే తేడా తగ్గుతుంది, నిజమే. అయినా అది రంధ్రమనీ, దానికో అక్షం, ఓ వ్యాసం ఉన్నాయనీ ఫైలుకు తెలియదు. అక్షం దొరక్కపోతే డ్రిల్ సైకిల్ దానంతటది పడదు. ఎంత సన్నటి ముక్కల్లో కదలాలో నిర్ణయించాల్సింది క్యామ్‌లో, టూలునూ పనినీ చూసి. ఆ నిర్ణయం ఎక్స్‌పోర్ట్ బటన్ దగ్గరే జరిగిపోకూడదు.

జర్మనీ కార్ల కంపెనీల వీడీఏ-ఎఫ్‌ఎస్, ఫ్రాన్స్ విమాన పరిశ్రమ సెట్ అనే ఫార్మాట్లు తమ తమ రంగాలు దాటి పెద్దగా పోలేదు. 1984లో పని మొదలై 1994లో ఐఎస్ఓ 10303గా వెలువడిన స్టెప్ మాత్రం నిలిచింది. పదేళ్లు నానబెట్టారని విసుక్కున్నవాళ్లున్నారు గానీ, ఆ ఆలస్యానికి ఫలం దక్కింది. ఏ ముఖం ఏ అంచుతో కలుస్తుందన్న అల్లికతో సహా ఘనరూపం, కొలతల యూనిట్లు అందులోనే వస్తాయి. దీనికి ఎదురయ్యే బలమైన అభ్యంతరం పారాసాలిడ్ అనే కెర్నెల్ (క్యాడ్ లోపల ఆకారాల గణితం నడిపే మూల సాఫ్ట్‌వేర్) పక్షం వారిది. సాలిడ్‌వర్క్స్, ఎన్ఎక్స్ వంటివి ఆ కెర్నెల్ మీదే నడుస్తాయి కాబట్టి, క్యామ్ కూడా అదే కెర్నెల్ మీద ఉంటే గణితాన్ని అనువదించే పనే లేదంటారు. ఒప్పుకోవాల్సిన మాటే, అలాంటి జత కుదిరితే పారాసాలిడ్ ఫైలే పంపడం మేలు. కానీ కస్టమర్ ఏ సాఫ్ట్‌వేర్ వాడతాడో ముందే తెలియని జాబ్‌వర్క్‌కు ఆ హామీ ఎక్కడిది? అసలు క్యాడ్ ఫైలునే పంపమంటే కొత్త వెర్షన్ ఫైలు చాలాసార్లు పాత వెర్షన్‌లో తెరుచుకోదు, పైగా డిజైన్ కిటుకులన్నీ చేతులు మారతాయి.

స్టెప్‌కూ లోటుంది. చాలా ఫైళ్లలో మర ఉన్న రంధ్రం నున్నటి సిలిండర్‌గానే వస్తుంది, ఫిట్‌లూ ఫినిష్‌లూ రావు. 2014 నాటి ఏపీ242లో టాలరెన్స్‌లకు చోటుంది, అయితే పంపేవారు వాటిని మోడల్‌లో రాసి ఉండాలి, అందుకునే క్యామ్ చదవగలగాలి. అందాకా పంపేవారు స్టెప్ ఫైలుతో పాటు డ్రాయింగు పీడీఎఫ్ కూడా జతచేయండి. అందుకున్నవారు కోత మొదలుపెట్టే ముందు డ్రాయింగులోని ఒక కొలతనైనా తెర మీది మోడల్‌తో సరిచూసుకోండి.