ఐదు నిమిషాల ఫిషర్

1970 ఏప్రిల్. బెల్‌గ్రేడ్‌లో మిగతా ప్రపంచ జట్టుతో జరిగిన చదరంగ పోరులో సోవియట్ యూనియన్ 20.5–19.5తో ఎలాగో గట్టెక్కింది. గంటల తరబడి సాగే నిదానపు ఆట అది. ఆ అలసట తీరకముందే కొందరు గ్రాండ్‌మాస్టర్లు ఏడ్రియాటిక్ తీరాన ఉన్న హెర్సెగ్ నోవి చేరారు. అక్కడ ఒక్కొక్కరికి ఆట మొత్తానికీ ఐదే నిమిషాలు.

అందరి కళ్లూ సోవియట్ దిగ్గజాలు తాల్, పెట్రోసియాన్‌ల మీదే. ఊరికే కాదు. 1958లో పదిహేనేళ్ల అమెరికన్ ఫిషర్ మాస్కో సెంట్రల్ చెస్ క్లబ్‌లో ఎదురొచ్చినవాళ్లనల్లా ఇలాంటి మెరుపు ఆటలో, అంటే బ్లిట్జ్‌లో ఓడిస్తుంటే, ఆ కుర్రాడికి ముకుతాడు వేయడానికి పిలిపించింది పెట్రోసియాన్‌నే.

ఈసారి లెక్క తిరగబడింది. ఫిషర్‌కు 22 ఆటల్లో 19 పాయింట్లు. రెండో స్థానంలోని తాల్‌కు 14.5. తాల్, పెట్రోసియాన్, స్మిస్లోవ్ ముగ్గురూ ఫిషర్ చేతిలో తలా రెండు ఆటలూ ఓడారు. అతని మీద గెలిచింది కోర్చ్‌నోయ్ ఒక్కడే, అదీ ఒక్క ఆట. పోటీ ముగిశాక ఫిషర్ ఆ ఆటల ఎత్తులన్నీ వరుసగా ఒప్పజెప్పాడని చెబుతారు. నాకైతే స్కోరుకన్నా ఇదే ముఖ్యం. ఏళ్ల తరబడి ఇంట్లో కూర్చుని తేల్చుకున్న ఆట అతనిది, బల్ల దగ్గర కొత్తగా తేల్చుకోవాల్సింది తక్కువ. నిదానపు ఆటకు అలవాటుపడ్డవాళ్లు సాధారణంగా దెబ్బతినేది ఇక్కడే. చేతిలో ఉన్న మంచి ఎత్తు వేయరు, ఇంకా మంచిది దొరుకుతుందేమోనని వెతుకుతారు.

పాత గడియారం ఆ వెతుకులాటను క్షమించదు. పెద్ద ముల్లు పన్నెండుకు చేరువవుతుంటే ఎర్ర జెండా మెల్లగా పైకి లేస్తుంది. ముల్లు దాటగానే టక్కున పడుతుంది. గెలిచే ఆటైనా సరే, పోయినట్టే.

ఆ జెండాకు విరుగుడు కనిపెట్టిందీ ఫిషరే కావడం తమాషా. వేసిన ప్రతి ఎత్తుకూ కొన్ని సెకన్లు కలిపే గడియారానికి 1989లో అమెరికాలో పేటెంట్ పొందాడు. 1992లో పాత ప్రత్యర్థి స్పాస్కీతో ఆడినప్పుడు దాన్నే వాడాడు. ఇప్పుడు ప్రపంచ ర్యాపిడ్ పోటీలో పదిహేను నిమిషాలకు తోడు ఎత్తుకు పది సెకన్లు కలుస్తాయి. మన కోనేరు హంపి 2019లో మాస్కోలో, 2024లో న్యూయార్క్‌లో మహిళల ర్యాపిడ్ కిరీటం గెలిచింది ఆ లెక్క మీదే. మాస్కోలో మాత్రం ఆ ఆటలతోనే విజేత తేలలేదు. చైనా క్రీడాకారిణి లీ టింగ్‌జీతో పాయింట్లు సమమై, టైబ్రేక్ తొలి ఆట ఓడి, రెండోది గెలిచి, చివరికి విజేతను తేల్చే ఆఖరి ఆట ఆర్మగెడాన్ దాకా వెళ్లాల్సి వచ్చింది.