బేసిక్ ఆథెంటికేషన్‌లో లాగౌట్

వెబ్‌సైటు తన పేజీలో లాగిన్ ఫారం ఏదీ చూపకుండా, బ్రౌజరే ఒక చిన్న పెట్టె తెరిచి యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడిగే పద్ధతిని హెచ్‌టీటీపీ బేసిక్ ఆథెంటికేషన్ అంటారు. 1996 మేలో వెలువడిన హెచ్‌టీటీపీ 1.0 పత్రంలో ఇది ఉంది. తర్వాత 1999లో ఆర్‌ఎఫ్‌సీ 2617, 2015లో ఆర్‌ఎఫ్‌సీ 7617 అనే ప్రమాణ పత్రాలు దీన్ని తిరగరాశాయి. లోపలికి వెళ్ళే తీరు అన్నిట్లోనూ ఉంది, బయటికి వచ్చే తీరు ఒక్కదాంట్లోనూ లేదు. వాటిలో ఉదాహరణకు ఇచ్చిన యూజర్ అలాద్దీన్, పాస్‌వర్డ్ ‘ఓపెన్ సెసమీ’. ఆ మంత్రం నిజానికి అలీబాబాది. ఆ కథలోని గుహకైతే మూసే మంత్రం కూడా ఉండేది.

హైదరాబాదులో అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల కోచింగ్ సెంటర్లలో జావా నేర్చుకునేవారికి ఈ పెట్టె టామ్‌క్యాట్ సర్వర్‌తోపాటు ఎదురవుతుంది. 8080 పోర్టులో టామ్‌క్యాట్ మేనేజర్ పేజీ తెరిస్తే, యూజర్ల ఫైలులో ముందే రాసి పెట్టుకున్న పేరు, పాస్‌వర్డ్ కొట్టాలి. సర్వ్‌లెట్ పాఠంలో బేసిక్, డైజెస్ట్, ఫారం, క్లయింట్ సర్టిఫికెట్ అని నాలుగు పద్ధతులు చెబుతారు. బేసిక్‌కు ఫారం రాసే పని లేదు కాబట్టి మొదటి ప్రాక్టీసు తరచుగా దాంతోనే. లాగౌట్ బటన్ పెట్టబోయినప్పుడు చిక్కు బయటపడుతుంది.

పేజీ అడగ్గానే సర్వర్ 401 అనే జవాబు పంపుతుంది. బ్రౌజర్ పాస్‌వర్డ్ తీసుకుని, బేస్64లోకి మార్చి, ఆపై ఆ సైటుకు పంపే ప్రతి రిక్వెస్టుతోనూ జతచేస్తుంది. బేస్64 రహస్య లిపి కాదు, ఎవరైనా క్షణంలో విప్పి చదవచ్చు. అందుకే హెచ్‌టీటీపీఎస్ లేకుండా ఈ పద్ధతి వాడకూడదు. ఇక్కడ సర్వర్ ఏదీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు, గుర్తుపెట్టుకునేది బ్రౌజరే. లాగౌట్ కోసం సర్వర్‌లోని సెషన్‌ను ఇన్‌వాలిడేట్ చేస్తే సెషన్ పోతుంది, పాస్‌వర్డ్ బ్రౌజర్‌లోనే ఉంటుంది. మరుసటి క్లిక్‌కే యూజర్ మళ్ళీ లోపల ఉంటాడు. 2009 నాటి సర్వ్‌లెట్ 3.0లో చేర్చిన లాగౌట్ మెథడ్ కూడా బ్రౌజర్ చేత పాస్‌వర్డ్‌ను మరిపించలేదు.

సర్వర్ చెప్పి మరిపించే మార్గం లేకపోవడం పెద్ద లోపమేనని 1999 నాటి హెచ్‌టీటీపీ 1.1 పత్రమే ఒప్పుకుంది. 2022 నాటి ఆర్‌ఎఫ్‌సీ 9110 ఆ భారాన్ని బ్రౌజర్లపై వేసి, చెరిపే సదుపాయం యూజర్‌కు సులువుగా అందించమంది. ఆ మాటను బ్రౌజర్లు పెద్దగా పట్టించుకోలేదు. ఫైర్‌ఫాక్స్‌లో హిస్టరీ చెరిపే చోట ‘యాక్టివ్ లాగిన్స్’ అనే టిక్కు ఉండేది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు ఇందుకోసమే ఒక ప్రత్యేక కమాండ్ ఉండేది, ఆ బ్రౌజర్‌తోనే అదీ పోయింది. డెవలపర్లు ఎక్కువగా వాడే కిటుకు, లాగౌట్ లింకు నొక్కగానే తప్పుడు పాస్‌వర్డ్ పంపించి పాతదాన్ని తుడిపించడం. అది ఒక బ్రౌజర్‌లో పనిచేసి ఇంకోదాంట్లో మొరాయిస్తుంది.

ఒక బ్యాచ్ లేవగానే ఇంకో బ్యాచ్ కూర్చునే ల్యాబ్ సిస్టమ్‌లోనూ, పంజాగుట్ట హాస్టళ్ళ కుర్రాళ్ళు వెళ్ళే నెట్ సెంటర్‌లోనూ ఈ లోపం నిజంగా ప్రమాదం. ట్యాబ్ మూస్తే చాలదు, బ్రౌజర్ విండోలన్నీ మూయాలి. ముందే ఇన్‌కాగ్నిటో విండోలో తెరిస్తే ఇంకా మేలు. ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఏపీఐలకు బేసిక్ ఇప్పటికీ పనికొస్తుంది. మనుషులు వచ్చిపోయే సైటుకు మాత్రం ఫారం లాగిన్ పెట్టడమే సరైనది.