విడి గదికి ఇంటి ఇంటర్నెట్ (పాతబస్తీ)

ఇంటికి వచ్చిన ఇంటర్నెట్ కనెక్షన్‌ను అదే ఆవరణలోని విడి గదికో, వెనక వాటాకో, కార్ఖానాకో అందించే ఏర్పాటు. హైదరాబాద్ పాతబస్తీలోని పాత దేవిడీల్లో (పాతకాలపు పెద్ద భవంతుల్లో) ఈ అవసరం ఎక్కువ. రాయి, డంగు సున్నంతో కట్టిన మందపాటి గోడలు వైఫై సంకేతాన్ని, అందులోనూ 5 గిగాహెర్ట్జ్‌ను, బాగా తగ్గిస్తాయి. అందుకే రిపీటర్ మీద డబ్బు పోసేకంటే కేబుల్ లాగడమే మేలు.

రాగి ఈథర్నెట్ కేబుల్ 100 మీటర్ల వరకు పనికొస్తుంది. బయట లాగేది ఎండను తట్టుకునే రకమై ఉండాలి. గోడలోకి వెళ్లే ముందు కేబుల్‌ను కాస్త కిందికి వంచితే వాన నీరు లోపలికి పాకకుండా ఆ వంపు దగ్గరే కారిపోతుంది. రెండు కట్టడాలకూ వేర్వేరు కరెంటు మీటర్లున్నా, పిడుగుల భయమున్నా ఫైబరే వేయాలి. గాజు పోగులో విద్యుత్తు ప్రవహించదు. అవతలి గదిలో రెండో రౌటర్‌ను యాక్సెస్ పాయింట్‌గా మార్చి పెట్టుకోవచ్చు. డాబాల మధ్య అడ్డు లేకపోతే వైర్‌లెస్ బ్రిడ్జి చాలు. అది సాధారణంగా వాడే 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో చాలా భాగాన్ని ఆరుబయట వాడటానికీ 2018లో లైసెన్సు అవసరం తొలగిపోయింది.

గల్లీ దాటించడానికి కరెంటు స్తంభానికి కేబుల్ కట్టడం ఎంతమాత్రం తగదు. 2025 ఆగస్టులో హైదరాబాద్‌లోని రామంతాపూర్‌లో ఓ ఊరేగింపులో విద్యుదాఘాతానికి ఐదుగురు మరణించాక, స్తంభాలపై కేబుళ్ల తొలగింపును విద్యుత్ సంస్థ ముమ్మరం చేసింది.