కతోలిక సంఘమునుండి మెథడిస్టు సంఘమునకు: మన పితరులు నేర్పిన పాఠము

మన సంఘములలో ఏ పాస్టరుగారి నడిగినను ఈ సంగతి చెప్పుదురు. ఎప్పుడో ఒకప్పుడు రోమను కతోలిక సంఘమునకు చెందినవారొకరు వచ్చి, "అయ్యగారూ, మేము మీ సంఘములో చేరవచ్చునా?" అని అడుగుదురు. కొందరు వివాహ నిమిత్తము అడుగుదురు. కొందరు తమ విచారణ గురువుతో మాటపట్టింపు వచ్చి అడుగుదురు. మరికొందరు బైబిలు చదివి, మనశ్శాంతి లేక, నిజముగా వెదకుచు అడుగుదురు. ఈ శతాబ్ది సంచికలో పూర్వుల సేవను జ్ఞాపకము చేసికొనుచున్న ఈ వేళ, ఆ ప్రశ్నకు మన మెథడిస్టు పితరులు ఏమి జవాబు చెప్పిరో చూచుట మేలని తలంచితిమి. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు ఆంగ్లికను, ప్రెస్బిటేరియను, కాంగ్రిగేషనలు సంఘములవారితో పాటు మెథడిస్టులును కలిసిరి గనుక ఆ వారసత్వము మనది కూడ.

మొదట ఒక మాట. మెథడిస్టు ఉద్యమమునకు మూలపురుషుడైన జాన్ వెస్లీ (1703–1791) చనిపోవువరకు ఇంగ్లండు సంఘపు గురువుగానే యుండెను. కతోలిక భక్తులవద్ద నేర్చుకొనుటకు ఆయన సిగ్గుపడలేదు. క్రీస్తును పోలి నడుచుకొనుటను గూర్చి థామస్ ఎ కెంపిస్ వ్రాసిన గ్రంథమును 1735లో తానే ఇంగ్లీషులో ప్రచురించెను. ఫ్రాన్సు దేశపు కతోలిక భక్తుడైన ద రాంతీ జీవితచరిత్రను సంగ్రహించి 1741లో తన జనులచేత చదివించెను. ఉపవాసమును ఆచరించెను. ప్రభురాత్రి భోజనమును ఎడతెగక పుచ్చుకొనవలెనని 1787లో ప్రసంగమునే అచ్చు వేయించెను. కాబట్టి కతోలిక గృహములో పెరిగినవారు మెథడిస్టు వాకిట నిలిచినప్పుడు అంతయు పరాయి ఇల్లుగా కనబడదు.

అయినను రెండు గృహముల మధ్య గోడ యున్నదన్న మాటయు నిజమే. ఆ గోడను దాటివచ్చినవారిలో మిక్కిలి ప్రసిద్ధుడు ఐర్లండు దేశస్థుడైన థామస్ వాల్ష్. ఈయన 1730లో లిమరిక్ ప్రాంతమున కతోలిక కుటుంబములో పుట్టెను. మాతృభాష ఐరిషు. చిన్ననాటనే పాపభారము ఆయనను పట్టుకొనెను. ఉపవాసములు చేసెను, పాపసంకీర్తనము చేసెను, పునీతులను వేడుకొనెను, నెమ్మది కలుగలేదు. పదునెనిమిదేండ్ల ప్రాయమున కతోలిక సంఘమును విడిచి ఐర్లండు సంఘములో చేరెను. అక్కడను వెంటనే శాంతి దొరకలేదు! ఈ సంగతిని మనము గుర్తుంచుకొనవలెను. సంఘము మారినంతమాత్రమున హృదయము మారలేదు. 1749లో లిమరిక్ పట్టణములో, ప్రయాసపడి భారము మోయువారిని ప్రభువు పిలిచిన పిలుపును గూర్చి ఒక మెథడిస్టు బోధకుడు చెప్పగా విని, ఆ యేటనే ఆయన మెథడిస్టు సహవాసములో చేరెను. విశ్రాంతి అటుతరువాతనే కలిగెను.

ఆ కాలపు ఐర్లండులో ఈ మార్పు చిన్న విషయము కాదు. నాటి శిక్షా శాసనములవలన కతోలికులకు ప్రభుత్వోద్యోగములు లేవు, భూమి విషయమునను అనేక నిర్బంధములుండెను. ప్రొటెస్టెంటుగా మారినవానిని "లాభమునకై మారెను" అని స్వజనులు నిందించుట సహజము. వాల్ష్ అట్టి లాభమేమియు వెదకలేదు. వీధులలోను సంతలలోను బీదజనులకు వారి ఐరిషు భాషలోనే కన్నీటితో బోధించెను, దెబ్బలు తినెను. లండనులో నివసించు ఐరిషు కూలివారికిని ఆ భాషలోనే సువార్త చెప్పెను. హెబ్రీ బైబిలులో ఏ మాట ఎన్నిమారులు వచ్చునో చెప్పగలవాడని వెస్లీ ఆయనను మెచ్చుకొనెను. శరీరమును లెక్కచేయక శ్రమించి, 1759లో డబ్లిన్‌లో, ముప్పదియేండ్లైనను నిండకమునుపే ప్రభునందు నిద్రించెను.

మేము ఆయన యందు గౌరవించు సంగతి మరియొకటి యున్నది. తాను విడిచివచ్చిన జనులను గూర్చి ఆయన ద్వేషముతో వ్రాయలేదు. వారికి దేవునియందు ఆసక్తి గలదనియు, వారిలో అనేకులు న్యాయమును, కనికరమును, సత్యమును ప్రేమించువారనియు, వారి మధ్య వెలుగుచుండిన దీపములవంటి భక్తులుండిరనియు సాక్ష్యమిచ్చెను. వారి బోధలో తప్పులున్నవని చెప్పుచునే ఈ మాట కూడ చెప్పెను. విడిచిన ఇంటికి రాయి వేయకుండ బయటికి వచ్చుట ఎట్లో ఆయనయొద్ద నేర్చుకొనవచ్చును.

వాల్ష్ మెథడిస్టు అయిన ఆ 1749వ సంవత్సరముననే కార్క్ పట్టణములో అల్లరిమూకలు మెథడిస్టులను కొట్టి, ఇండ్లను పాడుచేసినవి. ఇట్టి సమయమున, జూలై 18న, వెస్లీ డబ్లిన్ నుండి ఒక రోమను కతోలికునికి బహిరంగలేఖ వ్రాసెను. అందులో కోపము లేదు. తాము నమ్ము విశ్వాసమును విశ్వాసప్రమాణపు క్రమములోనే వివరించెను. ఒకరి నొకరు గాయపరచకుందము, ఒకరిని గూర్చి ఒకరు కఠినముగా మాటలాడకుందము, చెడు తలంపైనను మనస్సున ఉంచుకొనకుందము, దేవుని రాజ్యమునకు నడిపించు ప్రతి పనిలో ఒకరి కొకరు తోడ్పడుదము అనునదే ఆ లేఖ సారము.

అయితే చరిత్ర వ్రాయునప్పుడు మన పితరుల లోపమును దాచరాదు. అదే వెస్లీ 1780 జనవరిలో, కతోలికులకు ఏ ప్రభుత్వమును స్వేచ్ఛ ఇయ్యరాదని పత్రికలకు వ్రాసెను. ఆ జూన్‌లోనే లండనులో కతోలికులకు విరోధముగా గార్డన్ అల్లర్లు చెలరేగి, వందలమంది చనిపోయిరి. వెస్లీ ఆ అల్లర్లను కోరినవాడు కాడు. అయినను ఆ వ్రాతను మనము సమర్థింపనక్కరలేదు. 1749నాటి లేఖయే మనకు మాదిరి, 1780నాటి వ్రాత మనకు హెచ్చరిక.

నాలుగేండ్లకు ఈ ప్రశ్న వెస్లీ కుటుంబపు గుమ్మములోనికే వచ్చెను. ఈసారి దారి ఎదురుదిక్కున నడిచెను. కీర్తనకారుడైన చార్లెస్ వెస్లీ కుమారుడు శామ్యూల్ గొప్ప సంగీత విద్వాంసుడు. అతడు 1784లో, పదునెనిమిదేండ్ల వాడైయుండగా, కతోలికుడాయెను. పోపు ఆరవ పయస్ పేరిట ఒక పూజాసంగీతమును కూర్చి అంకితమిచ్చెను. ఆ వార్తను చార్లెస్‌కు తెలుపుటకు వచ్చినది నార్ఫోక్ డచెస్ అను కతోలిక ప్రభుపత్ని. ఆమె సొంత కుమారుడు 1780లో కతోలిక సంఘమును విడిచి ప్రొటెస్టెంటు అయినవాడు! అటు ఒక తల్లి, ఇటు ఒక తండ్రి. ఇద్దరి దుఃఖము ఒక్కటే. సంఘము మారుటను గూర్చి తేలికగా మాటలాడువారు ఈ ఇద్దరిని తలంచుకొనవలెను.

జాన్ వెస్లీ తన అన్న కుమారునికి కాడు, తమ్ముని కుమారునికి ఒక ఉత్తరము వ్రాసెను. నీవు ఏ సంఘములో నుందువను దానికంటె నీవు తిరిగి జన్మించితివా అనునదే నాకు చింత. ఏ సంఘములోనైనను రక్షణ పొందవచ్చును, ఏ సంఘములోనైనను నశింపవచ్చును అనునది ఆ ఉత్తరపు భావము. శామ్యూల్ తరువాతి కాలమున, తన్ను ఆకర్షించినది కతోలిక సంగీతమేగాని సిద్ధాంతము కాదని చెప్పుకొనెను. పెదతండ్రి వేసిన ప్రశ్న ఎంత సరియైనదో దీనినిబట్టి తెలియగలదు.

ఇక నేడు మన గుమ్మమునకు వచ్చువారికి ఏమి మారునో, ఏమి మారదో స్పష్టముగా చెప్పవలెను. త్రిత్వమైన దేవుడు, క్రీస్తు మరణ పునరుత్థానములు, విశ్వాసప్రమాణము, ఇవి మారవు. త్రిత్వనామమున నీళ్లతో పొందిన కతోలిక జ్ఞానస్నానమును మెథడిస్టు సంప్రదాయము బాప్తిస్మముగానే ఎంచును గనుక మరల బాప్తిస్మము ఇయ్యదు. మారునవి ఏవనగా: పోపుగారి అధికారము ఉండదు, ఏడు సంస్కారములకు మారుగా ప్రభువు నియమించిన బాప్తిస్మము, ప్రభురాత్రి భోజనము అను రెండే యుండును, దేవమాతను, పునీతులను వేడుకొనుట, ఉత్తరించు స్థలమును గూర్చిన బోధ ఉండవు, గురువునొద్ద పాపసంకీర్తనము విధిగా ఉండదు. చిన్ననాటినుండి అమ్మమ్మ ప్రక్కన కూర్చుండి జపమాల చెప్పినవారికి ఈ నష్టము చిన్నది కాదు. దానిని ఎగతాళి చేయరాదు.

వివాహ నిమిత్తము వచ్చువారితో మరియొక మాట చెప్పవలెను. 1983నాటి కతోలిక ధర్మశాస్త్రము ప్రకారము, బిషప్పుగారి అనుమతితో, బాప్తిస్మము పొందిన ఇతర సంఘస్థులను కతోలికులు వివాహమాడవచ్చును. అయితే పిల్లలను కతోలిక విశ్వాసములో పెంచుటకు శక్తికొలది ప్రయత్నింతునని కతోలిక వధువో వరుడో మాట ఇయ్యవలెను. ఈ సంగతిని రెండు కుటుంబములును ముందుగానే కూర్చుండి మాటలాడుకొనుట మంచిది. పెండ్లి తేదీ దగ్గరపడినదని తొందరలో సంఘము మార్చుకొనినవారు రెండు ఇండ్లలోను అతిథులుగానే మిగిలిపోవుదురు.

రెండవ వాటికన్ మహాసభ (1962–1965) తరువాత, 1967నుండి కతోలికులును మెథడిస్టులును ఒకే బల్లయొద్ద కూర్చుండి చర్చించుచున్నారు. నీతిమంతులుగా తీర్చబడుటను గూర్చి కతోలికులును లూథరనులును 1999లో చేసిన ఉమ్మడి ప్రకటనకు 2006లో సియోల్ నగరమున ప్రపంచ మెథడిస్టు మండలి తన సమ్మతి తెలిపెను. గోడ ఇంకను ఉన్నది గాని దానిలో కిటికీలు తెరచుకొనినవి.

కావున సంఘ సభ్యులారా, కతోలిక సోదరుడో సోదరియో మనయొద్దకు వచ్చి అడిగినప్పుడు, మన లెక్కలో ఒక పేరు పెరుగునని సంతోషించుటకు ముందు, జాన్ వెస్లీ తన తమ్ముని కుమారుని అడిగిన ప్రశ్ననే ప్రేమతో అడుగుదము. కోపముతో వచ్చినవారిని, వీలైనయెడల మొదట వారి గురువుతో సమాధానపడి రమ్మందము. నిజముగా ప్రభువును వెదకుచు వచ్చినవారికి తలుపు బార్లా తెరచుదము. వారు విడిచివచ్చిన తల్లిదండ్రులను గూర్చి వారి యెదుట చులకనగా మాటలాడకుందము. మనలోనుండి ఎవరైన అటు వెళ్లిన దినమున, మన కీడ్చు కన్నీరు ఎట్టిదో నార్ఫోక్ డచెస్ ఎరిగియున్నదని జ్ఞాపకము చేసికొందము. మన మండలి రెండవ శతాబ్దములో అడుగుపెట్టుచుండగా, ఈ వివేకమును ఈ ప్రేమను ప్రభువు మనకు దయచేయునుగాక.