పేరు ముందు, కథ వెనుక: టోల్కీన్ నామసృష్టి

మన ఇతిహాసములలో పేరు సాధారణముగా సంఘటనను వెంబడించి వచ్చును. ద్రోణుని కుమారుడు పుట్టినంతనే ఉచ్చైశ్శ్రవము వలె సకిలించెను గనుక అశరీరవాణి వానిని అశ్వత్థామ యన్నది. హిడింబ కన్న బిడ్డ తల వెండ్రుకలు లేక కుండవలె నుండెను గనుక వాడు ఘటోత్కచుడైనాడు. జరిగినది ముందు, పిలిచినది తరువాత. ఈ వరుసను తలక్రిందులు చేసి, ముందుగా ఒక పేరును చేతబట్టుకొని, ఈ పేరు గలవాడెవ్వడు, వానికీ పేరేల వచ్చినది, వాని కులమేది, వాని పూర్వులే భాష మాటలాడిరి అని అన్వేషించుచు, ఆ అన్వేషణ ఫలముగా ఒక సమగ్రజగత్తునే నిర్మించిన రచయిత 20వ శతాబ్దమున ఇంగ్లండులో నుండెను. నేడు ఫాంటసీ యని లోకము పిలుచుచున్న అద్భుతకథావాఙ్మయమునకు పెద్దదిక్కుగా నిలిచిన జె. ఆర్. ఆర్. టోల్కీన్ ఆయన.

1892లో దక్షిణాఫ్రికాలోని బ్లూమ్‌ఫాంటీన్ నగరమున జన్మించి, బాల్యముననే తల్లివెంట ఇంగ్లండు చేరి, బర్మింగ్‌హామ్ పరిసరములలో పెరిగిన టోల్కీన్ వృత్తిచేత భాషాశాస్త్రవేత్త. మొదటి ప్రపంచయుద్ధమునుండి బయటపడి వచ్చిన పిదప ఆయన చేపట్టిన తొలి యుద్యోగము ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటు కార్యాలయమున డబ్ల్యూ అక్షరముతో మొదలగు కొన్ని పదముల వ్యుత్పత్తులను నిర్ణయించుట. 1925 మొదలు 1945 వరకు ఆక్స్‌ఫర్డ్‌లో ప్రాచీనాంగ్లభాషాచార్యుడు. అటుపిమ్మట 1959 వరకు అచ్చటనే ఆంగ్లభాషాసాహిత్యముల ఆచార్యుడు. తనకు పేరే ముందు తట్టుననియు, కథ దానివెంట వచ్చుననియు, తాను కల్పించిన భాషలకు ఒక నివాసము కావలసి కథలు పుట్టినవే గాని కథలకొఱకు భాషలు పుట్టలేదనియు ఆయన 1955లో తన అమెరికన్ ప్రకాశకులకు తెలియజేసెను. ఈ మాట అక్షరాలా సత్యమని ఆయన పాత్రల పేర్లను త్రవ్వి చూచినవారి కెల్ల తెలియును.

అన్నింటికంటె మొదటి పేరు ఎయరెండెల్. విద్యార్థిదశలో టోల్కీన్ 'క్రైస్ట్' అను ప్రాచీనాంగ్ల ధార్మికకావ్యమును పఠించెను. 10వ శతాబ్దపు ఉత్తరార్ధమున లిఖింపబడి ఎక్సెటర్ ప్రధానాలయమున భద్రపఱుపబడిన తోలుమీది వ్రాతప్రతియందలి ఒక సంబోధనలో ఈ పేరున్నది: దేవదూతలలో నెల్ల ఉజ్జ్వలుడై మధ్యలోకమునకు, మానవులకొఱకు పంపబడిన ఒకానొక తేజస్సును కవి ఆ పేర పిలిచినాడు. ఆ శబ్దమాధుర్యమునకు టోల్కీన్ చలించిపోయెను. ఆ పేరు వెనుక ఏదో మఱుగుపడిన ప్రాచీనగాథ యున్నదని ఆయనకు తోచినది. 1914 సెప్టెంబరులో నాటింగ్‌హామ్‌షైర్‌లోని పినతల్లిగారి వ్యవసాయక్షేత్రమున నుండగా, సంధ్యాకాశమున ఓడ నడుపుకొనిపోవు ఎయరెండెల్ అను నావికునిగూర్చి పద్యము వ్రాసెను. ఆ పద్యమున కర్థమేమని మిత్రుడు జి. బి. స్మిత్ అడుగగా, తనకు తెలియదనియు, కనుగొనుటకు యత్నించెదననియు బదులు చెప్పినాడట. ఆ కనుగొనుట ఆయన జీవితకాలమెల్ల సాగినది. ఆ నావికుడు తరువాతి రచనలలో ఎయరెండిల్ అయి, నొసట దివ్యమణిని ధరించి, వేగుచుక్కయై గగనమున చరించెను. పేరునకు సైతము టోల్కీన్ స్వకల్పితమగు క్వెన్యా భాషలో సముద్రప్రియుడను అర్థము సమకూర్చెను. పేరు ఎరువు తెచ్చుకొన్నది, అర్థము స్వార్జితము.

ఆ ప్రాచీనకావ్యమున అదే సంబోధనలో 'మిడ్డన్‌యెయర్డ్' అను మాట కూడ కలదు. మిడిల్ ఎర్త్ అని టోల్కీన్ తన కథాభూమికి పెట్టిన పేరు దానినుండి వచ్చినదే. అందలి మిడ్ శబ్దమును సంస్కృతమందలి మధ్య శబ్దమును ఒక తల్లి బిడ్డలు. స్వర్గపాతాళముల నడుమనున్న దానిని మధ్యమలోకమని వ్యవహరించు మనకు ఆ పేరు పరాయిగా తోపదు.

1937లో వెలువడిన 'ది హాబిట్' నవలలోని మరుగుజ్జుల పేర్ల చరిత్ర మఱింత విచిత్రము. ఐస్లాండు దేశపు ప్రాచీనకావ్యమగు వోలుస్పాలో మరుగుజ్జుల నామావళి యొకటి కలదు. సృష్టిని, ప్రళయమును వర్ణించు మహాగంభీరమగు ఆ కావ్యమున ఈ జాబితా తరువాతివా రెవ్వరో చొప్పించిన ప్రక్షిప్తమని పలువురు పండితుల మతము. కథ లేదు, వర్ణన లేదు, వట్టి పేర్లు. ద్వాలిన్, బిఫుర్, బొంబుర్, నోరి, థ్రాయిన్, థోరిన్, ఫీలి, కీలి, గ్లోయిన్, డురిన్ — ఇట్లు సాగిపోవును. ఇతరులు దాటిపోయిన ఈ పుటలకడ టోల్కీన్ ఆగెను. ఉబ్బినవాడను అర్థము గల బొంబుర్ ఆయన కథలో అందఱికంటె స్థూలకాయుడైనాడు. ఆ నవలలోని పదుమూవురు మరుగుజ్జులలో బాలిన్ పేరు మాత్రము ఆ జాబితాలో లేదు.

ఆ జాబితాలోనే 'ఐకిన్‌స్క్యాల్ది' అను ఇంకొక పేరు కలదు. దాని కర్థము ఓక్‌మ్రానిడాలు గలవాడు. ప్రాచీనకావ్యమున అది వేఱొక మరుగుజ్జు పేరు. టోల్కీన్ దానిని థోరిన్‌కు బిరుదనామముగా చేసి, ఆ బిరుదు ఎట్లు వచ్చినదో చెప్పుటకు ఒక యుద్ధమును కల్పించెను: డాలు పగిలిపోగా థోరిన్ ఓక్ చెట్టు కొమ్మను నఱికి దానితో శత్రువుల దెబ్బలను కాచుకొనెనట. వేయి సంవత్సరములుగా అనాథమై పడియున్న ఒక సమాసమునకు విగ్రహవాక్యముగా ఒక వీరగాథ పుట్టినది. ఇంతటి సుకుమారమగు పాండిత్యము సృజనకు దాస్యము చేయుట నేను మఱియొకచోట చూచి యెఱుగను.

ఇక గండాల్ఫ్. ఆ మరుగుజ్జుల నడుమ గండాల్ఫ్ అను పేరు కూడ చేరియున్నది; 'గండ్ర్' అనగా మంత్రదండము, 'ఆల్ఫ్ర్' అనగా ఎల్ఫ్, మన గంధర్వుల వంటి దివ్యజాతివాడు. తొలి ప్రతులలో టోల్కీన్ ఈ పేరును మరుగుజ్జుల నాయకునికే యిచ్చి, మాంత్రికుని బ్లడోర్థిన్ అని పిలిచెను. కాని మంత్రదండధారి యని పేరు స్వయముగా ఘోషించుచుండగా, ఆ పేరు మరుగుజ్జునకేల? రచన సాగుచుండగా పేరు తన యజమానుని తాను వెదకికొన్నది; మాంత్రికుడు గండాల్ఫ్ అయినాడు, నాయకుడు థోరిన్ అయినాడు.

1954, 55 సంవత్సరములలో మూడు సంపుటములుగా వచ్చిన 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్'లో ఈ విద్య పరిణతినందినది. అశ్వికుల రాజ్యమగు రోహన్‌ను చూడుడు. అచ్చటి రాజు థియోడెన్. ప్రాచీనాంగ్లమున ఆ మాటకు రాజు అనియే యర్థము. ఆయన పూర్వులు థెంగెల్, ఫెంగెల్, బ్రెగో, ఆల్డోర్ — ఇవన్నియు ప్రభువాచకములే; నృపతి, భూపతి, క్షితీశుడు, నరేంద్రుడు అని తరతరముల రాజులకు పేరిడినట్లు. మేనల్లుడు ఎయోమెర్ అశ్వములచే ప్రసిద్ధుడు, మేనకోడలు ఎయోవిన్ అశ్వములయందు ఆనందము గలది. ఈ పేర్ల మొదటనున్న 'ఎయోహ్' శబ్దము గుఱ్ఱమునకు ప్రాచీనాంగ్లపు పేరు; సంస్కృతమున అశ్వ శబ్దమునకు అది సహోదరము. అనగా అశ్వత్థామయు ఎయోమెరును పేరునుబట్టి దూరపు జ్ఞాతులు.

ఖలుల పేర్లలో ఇంతకంటె లోతు కలదు. సారుమాన్ పేరులోని 'సెయరు' శబ్దము ప్రాచీనాంగ్లమున శిల్పనైపుణ్యమును, కపటోపాయమును రెంటిని తెలుపును. మహాప్రజ్ఞుడై క్రమముగా మోసగాడైన ఆ మాంత్రికుని పతనమంతయు పేరులోని ఆ రెండర్థముల నడుమనే నడచినది. చీకటిరాజు సౌరాన్ భూమి మొర్డోర్. టోల్కీన్ కల్పితభాషలో దాని కర్థము నల్లనేల, ప్రాచీనాంగ్లమున 'మొర్థోర్' అనగా హత్య, మన మృత్యు శబ్దమునకు చుట్టము. స్మాగ్ అను డ్రాగన్ పేరు, ఇఱుకు రంధ్రమున దూరుట యను అర్థము గల ఒక ప్రాచీనధాతువునుండి వచ్చినదని టోల్కీన్ స్వయముగా 1938లో అబ్జర్వర్ పత్రికలో వివరించెను. ఉంగరమునకు దాసుడై కొండసందులలో పాకులాడు గొల్లుమ్‌కు అసలు పేరు స్మెయగోల్. అదియు ఆ కుదుటినుండి మొలచినదే. ఒకటి బంగారురాశిపై పరుండిన మహాసర్పము, ఒకడు ఉంగరముకొఱకు బిలములలో కృశించిన దీనుడు. ధనలోభము రెంటిని భూగర్భమునకు ఈడ్చినదని ధాతువొక్కటే చెప్పుచున్నది. ఈ సంగతి తెలియని పాఠకుడు సైతము ఆ రెండు పేర్ల ధ్వనిలోని జిడ్డును, జరజరను అనుభవింపకపోడు.

అన్ని పేర్లును ప్రాచీనగ్రంథములనుండి రాలేదు. ఆ కథలోని తోటమాలి సామ్ గామ్జీ ఇంటిపేరు బర్మింగ్‌హామ్ నగరపు బాలల నోట నుండినది. ఆ నగరమున శాంప్సన్ గామ్జీ అను శస్త్రవైద్యుడు 1880లో దూదితో ఒక కట్టును కనిపెట్టగా, దూదికే అక్కడివారు గామ్జీ యను పేరు పెట్టిరి. సామ్ చివరకు పెండ్లాడిన కన్య ఇంటిపేరు కాటన్, అనగా ప్రత్తి! సామ్‌వైజ్ అను పూర్ణనామమునకు ప్రాచీనాంగ్లమున అర్ధబుద్ధి యని యర్థము. గ్రంథమున కనుబంధముగా వ్రాసిన భాషాప్రకరణమునందు, ఈ పేరును తాను అనువదించినది మాత్రమేననియు, సామ్ జాతివారగు హాబిట్ల నిజభాషలో అది బనజీర్ అనియు టోల్కీన్ తెలిపెను. అర్ధబుద్ధియని పిలువబడిన ఆ తోటమాలియే ప్రపంచమును గట్టెక్కించెను.

టోల్కీన్ పిమ్మటివారిలో ఉర్సులా లెగ్విన్ అను రచయిత్రి 1968లో ప్రారంభించిన ఎర్త్‌సీ నవలలలో పేరే మంత్రమైనది: ప్రతిజీవికి ఒక నిజనామము కలదు, దానిని తెలిసికొన్నవాడు ఆ జీవిని వశపఱచుకొనగలడు, కావున మాంత్రికుడు గెడ్ లోకమున స్పారోహాక్ అను వ్యావహారికనామముతోనే తిరుగును. శిశువునకు తల్లిదండ్రులు మాత్రమే యెఱుగవలసిన గుహ్యనామమును విధించిన మన గృహ్యసూత్రకారులకు ఈ భయము బాగుగ తెలిసినదే.

తన పేర్లపై టోల్కీన్‌కు గల మమకారము 1956లో డచ్చి అనువాదము వచ్చినప్పుడు బయటపడినది. అనువాదకుడు స్థలనామములను మార్చుట విని ఆయన తీవ్రముగ అభ్యంతరము చెప్పెను. తరువాత అనువాదకుల యుపయోగమునకై నామసూచిక నొకదానిని స్వయముగా వ్రాసెను. ఆయన మరణానంతరము 1975లో అది అచ్చయినది. ఆంగ్లమున అర్థవంతములగు పేర్లను అనువాదకుడు తన భాషలో అర్థమునుబట్టి మార్చవలెను, ఇతరభాషల పేర్లను ముట్టరాదు అని దాని సారాంశము. ట్రీబియర్డ్ అను వృక్షపాలకుని చెట్టుగడ్డమని తెనిగింపవచ్చును. ఎల్ఫుల భాషలో ఆతని పేరగు ఫంగోర్న్‌ను మాత్రము అట్లే యుంచవలెను. నాకు మఱొక యూహ కూడ తోచుచున్నది. హాబిట్ల వాడుకభాషకు రోహన్ భాష ప్రాచీనరూపము వంటిది గనుకనే టోల్కీన్ మొదటిదానికి నేటి ఇంగ్లీషును, రెండవదానికి ప్రాచీనాంగ్లమును వాడెను. ఆ నిష్పత్తిని తెలుగున నిలుపదలచిన అనువాదకుడు హాబిట్లకు మన పల్లెలలోని పేర్లు పెట్టి, రోహన్ రాజులకొఱకు రేనాటిచోళుల శాసనములవైపు, నన్నయ తెలుగువైపు పోవలసియుండును. అశ్వ శబ్దమును విడిచి, గుఱ్ఱమునకు మావు అను పాత దేశ్యపదమును వెలికితీసి, ఎయోమెర్‌కు దానితో ఒక పేరు కూర్పవలసియుండును.